దొడ్డిదారి కాపరి

కొండ కింద చర్చి వెనకాల ఏసోబు గొర్రెల దొడ్డి. అందులో సలోమి అనే గొర్రెకు క్షణం తీరిక ఉండేది కాదు. క్రిస్మస్ పది రోజులుందనగా రంగు కాగితాల తోరణాలూ ఆమే, పాటల బృందమూ ఆమే, పొట్టేళ్ళ మెడలకు రిబ్బన్లూ ఆమే.

రోజూ పొద్దున్నే ఏసోబు దొడ్డి వాకిట్లో కూర్చుని వాక్యం చదివి, గొర్రెల్ని పేరుపేరునా పిలిచి ప్రార్థన చేసేవాడు. అన్నీ చుట్టూ చేరేవి. సలోమి మాత్రం అవతలి మూల తోరణం కడుతూ ఉండేది.

"ఒక్క పూటైనా వచ్చి కూర్చోవే," అనేది ముసలి గొర్రె దెబోరమ్మ.

"ఈ పనంతా దేవుడి కోసమేగా అత్తా. పండగ కానీ, కూర్చుంటా."

"పెళ్ళి సందట్లో పుస్తె కట్టడం మరిచారట నీలాంటివాళ్ళే."

కంచె అవతల నక్క ఈ మాటలు విని లొట్టలేసింది. 'దీనికి కాపరి గొంతే తెలీదన్నమాట!' మర్నాడు ఏసోబు వాక్యం చదివి సంతకు వెళ్ళగానే, ఆయన ఆరేసిన గొంగడి కప్పుకుని కంచె సందు దగ్గర నిలబడింది.

"సలోమమ్మా, నీ అంత పాటగత్తె ఈ మండలంలోనే లేదు. తోటలో స్టేజీ కట్టించాను. ఈ సందులోంచి వచ్చెయ్ తల్లీ," అంది గొంతు బొంగురు చేసి.

సలోమి గాల్లో తేలిపోయింది. "వస్తున్నానయ్యా," అంటూ సందులో తల దూర్చింది.

దెబోరమ్మ ఆమె తోక కొరికి వెనక్కి లాగింది. "ఆగవే. అది ఆయన గొంతు కాదు."

"జలుబు చేసిందేమో అత్తా."

"అయ్యా," అంది దెబోరమ్మ తాపీగా, "పొద్దున చదివిన మాట ఒకసారి చెబుతారా?"

నక్క నీళ్ళు నమిలింది. "అదే... గొర్రెలు నక్కల మాట వినవలెను, అని."

"ఆమేన్," అంది సలోమి.

మిగతా గొర్రెలు నవ్వాపుకోలేక గడ్డిలో మూతులు దాచుకున్నాయి. అలాంటి మాట వాక్యంలో ఉందో లేదో కూడా తనకు తెలీదని సలోమికి అప్పుడు తట్టింది.

దెబోరమ్మ ఆమె చెవిలో అంది: "కాపరి వాకిట్లోంచి వస్తాడు. సందులు వెతికేది దొంగే. పొద్దున ఆయన చదివింది అదే."

సలోమి గొంతు సవరించుకుంది. "అయ్యా, ఒక్కదాన్నే ఏం పాడను? మీరే వాకిలి తీసుకుని రండి. పన్నెండు మందిమీ మీ వెంటే వస్తాం."

పన్నెండు అనేసరికి నక్కకు నోరూరి బుద్ధి మందగించింది. చుట్టూ తిరిగొచ్చి, గడియ తీసి, లోపల కాలు పెట్టింది. అప్పటికే తలుపు చాటుకు చేరి గిద్యోను అనే పొట్టేలు కాచుకుని ఉంది. ఒక్క కుమ్ముకు నక్క వెళ్ళి కుడితి తొట్టిలో పడింది. పైకి లేవగానే ఇంకోటి. ఆ దెబ్బకు కంచె దాటి అవతల పడి, గొంగడి వదిలేసి, కుంటుకుంటూ పరుగు తీసింది.

"స్టేజీ చూపించకుండానే వెళ్తున్నారేం అయ్యా?" అంది దెబోరమ్మ. దొడ్డంతా పడీపడీ నవ్వింది, సలోమి తప్ప.

తెల్లారి తోరణం సగంలోనే వేలాడుతోంది. సలోమి అందరికంటే ముందొచ్చి వాకిట్లో కూర్చుంది. ఏసోబు ఆమె పేరు పిలిచాడు. ఆ గొంతుకూ నక్క గొంతుకూ పోలికే లేదు. నక్క మాత్రం వాగులో మూడు రోజులు మునిగినా కుడితి వాసన వదల్లేదట.

దేవుడి పనుల్లో పడి దేవుడి మాట వినడం మానేస్తే, నక్క పిలిచినా దేవుడు పిలిచినట్టే ఉంటుంది.