నీడ పడిన గడి

సాలూరు కొండల కింద ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో విశ్వంభర స్వామికి ఒక అలవాటు ఉండేది. ప్రశ్నతో వచ్చినవారి చేతికి ముందు ఏదో ఒక పని ఇచ్చేవారు. పని మధ్యలో, వాళ్ళు ఏమడిగారో వాళ్ళకే గుర్తులేని వేళకి, ఆయన నోరు విప్పేవారు. కొందరికి జవాబు దొరికేది. కొందరు గుడ్డ పిండి ఆరేసి, వచ్చినట్టే వెళ్ళిపోయేవారు.

శేషారత్నం ఆయనకు పాత శిష్యురాలు. భర్త ఉద్యోగరీత్యా భిలాయిలో కాపురం. నా అన్నవాళ్ళు లేని ఊళ్ళో ముగ్గురు పిల్లల్ని కంటికి రెప్పలా పెంచింది. పెద్దమ్మాయి డాక్టరు చదువుతోంది. చిన్నవాడు ఏ పోటీకి వెళ్ళినా బహుమతి పట్టుకొస్తాడు. నడిపి కూతురు హేమలత మాత్రం వేసవి నుంచి కాలేజీ మానేసి గోడవైపు తిరిగి పడుకుంటోంది. మందులు వేసుకుంటుంది. పిలిస్తే పలుకుతుంది. అంతకుమించి ఏమీ లేదు. శేషారత్నం చెయ్యని ప్రయత్నం లేదు. అక్క చేత రోజూ ధైర్యం చెప్పించింది. తమ్ముడి బహుమతులన్నీ తెచ్చి హేమలత మంచానికి ఎదురుగా అమర్చింది. చూడగా చూడగా దానికీ ఉత్సాహం పుడుతుందని ఆశ.

"ముగ్గురికీ ఒకే కంచంలో కలిపి ముద్దలు పెట్టాను, స్వామీ. ఇద్దరి వెలుగూ పక్కనే ఉంది. అది దానికెందుకు అందదు? నేనెక్కడ తప్పు చేశాను?" అని ఆమె అడిగింది.

స్వామి ఆమె చేతికి బకెట్టూ మెత్తటి గుడ్డా ఇచ్చారు. "పైకి రా అమ్మా. ఎండ ముదరకముందే సోలారు పలకలు కడగాలి."

మేడ మీద వాలుగా పరిచిన పలకల్ని ఆమె దగ్గరగా చూడటం అదే మొదలు. నల్లటి గాజు కింద చిన్న చిన్న గడులు. ఆమె తుడుస్తూ ఉంటే స్వామి పసిపిల్లకు చెప్పినట్టు చెప్పారు. ఎండ తగిలితే ప్రతి గడీ కాస్తంత కరెంటు పుట్టిస్తుంది. ఒక్కదానితో ఏ పనీ జరగదు కనక గడుల్ని దండలో పూలలా వరసగా కలుపుతారు. కరెంటు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచి, కిందనున్న పెట్టెలోకి దిగుతుంది. ఆ పెట్టె దాన్ని ఇంటి కరెంటుగా మార్చి నీళ్ళ మోటారుకి అందిస్తుంది.

కింద పెరట్లోంచి వంటమనిషి చిట్టెమ్మ కేక వేసింది. "స్వామీ! నిన్న మిట్టమధ్యాన్నం కూడా కొళాయిలో ఇదే సన్న ధార. ఈ నీళ్ళతో పప్పు కడగమంటారా, పప్పుకి బొట్టు పెట్టమంటారా?"

స్వామి నవ్వారు. శేషారత్నం నవ్వలేదు. ఆమెకు ఒక గడి మీద గోధుమరంగు మచ్చ కనిపించింది. తడిగుడ్డతో రుద్దింది. పోలేదు. గోటితో గీకింది. కొంగు తడిపి, బలమంతా పెట్టి తోమింది. బిందె కోసం పైకి వచ్చిన చిట్టెమ్మ ఆగి చూసింది.

"ఏటమ్మా, పిట్టరెట్ట అనుకున్నావా? గాజు అరుగుద్ది గానీ అది పోదు."

"అది మురికి కాదు. లోపల కాలింది" అన్నారు స్వామి.

"ఎండకేనా?" అంది శేషారత్నం.

"దాని మీద ఎండ ఎక్కడిది? మునగకొమ్మ నీడలో ఉండేది."

"నీడలో ఉన్నది కాలడమేమిటి స్వామీ?"

"నీడ పడ్డ గడి కరెంటు పుట్టించలేదు. మిగతావి ఊరుకోవు కదా. వాటి కరెంటంతా దీన్ని తోసుకుంటూనే పోవాలి. ఆ తోపుడుకి ఇది వేడెక్కుతుంది. అందుకే పలక వెనక ఒక పక్కదారి పెడతారు. నీడ పడిన వేళ కరెంటు దీన్ని ముట్టకుండా ఆ దారిన పోతుంది. ఈ పలకకి ఆ దారి చెడిపోయింది. మేం చూసుకోలేదు. దీన్ని కాల్చింది నీడ కాదమ్మా, పక్కవాటి ఎండ."

గుడ్డ ఆమె చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. ఆమె తడిచేతులతోనే ఇంటికి ఫోన్ చేసింది. కొడుకు ఎత్తాడు.

"అమ్మా, నువ్వు చెప్పినట్టే నిన్నటి మెడల్ నడిపక్క మెళ్ళో వేశాను. తియ్యలేదు. అలాగే పడుకుంది. నవ్వలేదమ్మా."

"తీసెయ్, నాన్నా. ఆ గదిలోవన్నీ తీసెయ్. పెద్దక్కని ఇక దానికేమీ చెప్పొద్దను. మీ నాన్నగారిని ఊరికే దాని పక్కన కూర్చోమను. ఏమీ అడగొద్దను."

"ఏమైందమ్మా?"

ఆమె ఫోన్ పెట్టేసింది. పిట్టగోడకు ఆనుకుని అడిగింది.

"ఆ కొమ్మ కొట్టించారా స్వామీ?"

"నిరుడే కొట్టించాం. నీడ పోయింది."

"ఇప్పుడు పక్కదారి బాగుచేయిస్తే?"

స్వామి వంగి బకెట్లోంచి గుడ్డ తీసి, మెల్లగా పిండి, ఆ గడిని ఒత్తకుండా చుట్టూ తుడిచారు.

"చేయించాలి. ఇక కాలదు" అన్నారు. "మళ్ళీ వెలుగు పుట్టిస్తుందా అని మాత్రం నన్నడగకు తల్లీ."