తొలిముద్ద తల్లి వెలసిన కొలిమిమెట్ట

కొలిమిమెట్టకు వచ్చే భక్తులకు గుడి కనిపించక ముందే సుత్తుల చప్పుడు వినిపిస్తుంది. మెట్ట దిగువన రెండు వరుసలుగా ఇత్తడి పాత్రలు చేసే కంచరుల ఇళ్లు, పైన తూర్పుముఖంగా శ్రీ తొలిముద్ద అమ్మవారి ఆలయం ఉన్నాయి. గర్భగుడిలో అమ్మవారు మూడడుగుల ఇత్తడి మూర్తిగా, కుడి అరచేయి చాచి కూర్చొని దర్శనమిస్తారు. ఆ చేతిలో ఆయుధం లేదు, పద్మం లేదు. అన్నం ముద్ద కోసం చాచిన చేయి అది.

పూర్వం ఇక్కడ నలభై కొలుములు ఉండేవి. వాటన్నిటికీ పెద్ద నాగలింగాచారి. ఆయన శంఖం ముద్ర ఉన్న పాత్రను పదిహేడు ఊళ్లవారు కళ్లు మూసుకొని కొనేవారు. ఒక ఏడాది ఓడలు రాక, పాత్రలకు కళాయి పూసే తగరం దొరకలేదు. పెళ్లిళ్ల కాలం ముంచుకొచ్చింది. అప్పుడు ఒక పరదేశి వర్తకుడు మిలమిలలాడే లోహపు దిమ్మలు తెచ్చి, తగరమేనని చెప్పాడు. తొందరలో ఆచారి పరీక్షించకుండానే తీసుకున్నాడు. ఆ పూతతోనే ఆ ఏటి పాత్రలన్నీ ఊళ్లకు చేరాయి.

మూడు నెలల తరువాత బోడెమ్మ అనే గొల్ల ఇల్లాలు పులుసు తపేలా నెత్తిన పెట్టుకొని కొలిమి దగ్గరకు వచ్చింది.

“బాబూ, ఇందులో పులుసు తిన్నోళ్లకే కడుపులో మెలిపెట్టేస్తంది. మా పెద్దోడు మంచం దిగలేకపోతన్నాడు. పథ్యంలో ఉండి పులుపు ముట్టని కోడలికి ఏటీ అవలేదు. మట్టికుండలో వండి చూసినాను, ఎవులికీ నొప్పి రాలేదు” అన్నది.

ఆచారి తమ్ముడు సోమాచారి, “మీ ఊరి నీళ్ల దోషమేమోనమ్మా” అన్నాడు. బోడెమ్మ తపేలా దించి మూత తీసింది. అందులోని పులుసును తాను మూటకట్టి తెచ్చిన అన్నంలో కలిపి నాగలింగాచారి ముందు పెట్టింది.

“అయితే మీరొక్క ముద్ద తినండి బాబూ. నా పేణం కుదుటపడతాది.”

ఆచారి ముద్ద ఎత్తాడు. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. లేచి, తన తెల్లని ఉత్తరీయంతో పాత్ర లోపలి అంచును రుద్దాడు. బట్ట మీద నల్లని చార పడింది. తగరమైతే అంత మసి విడవదు. అది పులుపు తగిలితే విషం దిగే సీసం.

“ఎవరూ చావలేదు కదా అన్నయ్యా. ఇకముందు మంచి పూత వేద్దాం. ఇప్పుడు నోరు విప్పితే నలభై ఇళ్లలో పొయ్యి వెలగదు” అన్నాడు సోమాచారి.

“నేను తినలేని ముద్దను ఊరందరికీ పెట్టాను సోమా! దీన్ని ఎక్కడని దాచమంటావు?” అన్నాడు ఆచారి.

ఆ మధ్యాహ్నం కొలిమి పక్కనే ఆయనకు కునుకు పట్టింది. కలలో ఒక ముత్తైదువ కనిపించి, “నా బిడ్డలకు పెట్టక ముందు నాకు పెట్టు. తిరిగివచ్చిన పాత్రలలో నేనుంటాను” అని పలికి అదృశ్యమైంది.

మరునాడే ఆయన డప్పు మెడలో వేసుకొని బయలుదేరాడు. ఊరూరా తానే డప్పు కొట్టి, “శంఖం ముద్ర పాత్రలో వండకండి. తప్పు మాది. పాత తపేలా ఇవ్వండి, కొత్తది ఇస్తాం” అని చాటాడు. మొదటి ఊళ్లో పోలినాయుడనే రైతు కోపం పట్టలేక తపేలాను ఆయన మీదికి విసిరాడు. నుదురు చిట్లింది. ఆచారి ఆ తపేలాను తీసుకొని, దండం పెట్టి ముందుకు సాగాడు. జబ్బుపడిన ప్రతి ఇంటికీ వైద్యులను పంపాడు. తగరం వచ్చేదాకా వాడుకోమని కుమ్మరుల చేత కుండలు చేయించి పంచాడు. కంచరుల ఇళ్లలో గంజి తాగి ఆరు నెలలు గడిపారు.

తగరం వచ్చింది. మాట ఇచ్చినట్టే కొత్త పాత్రలు తయారయ్యాయి. ఇకమీదట తమ దగ్గర ఎవరు కొంటారని కంచరులు దిగులుపడుతున్న ఉదయాన, కింద బాటంతా దుమ్ము లేచింది. పదిహేడు ఊళ్ల బండ్లు వస్తున్నాయి! బండ్ల నిండా పాత పాత్రలు, కొలుములకు బొగ్గు, కొత్త ధాన్యం. బోడెమ్మ పెద్దకొడుకు బొగ్గు బస్తా భుజాన మోస్తూ నడిచి వచ్చాడు. అందరికంటే ముందు పోలినాయుడు ఆచారి చేతులు పట్టుకొని, “తన తప్పును తానే డప్పు కొట్టి చెప్పినోణ్ణి మా తాతల కాలంలో కూడా ఎరగం. ఇక మా ఇంట శంఖం ముద్రే” అన్నాడు. జనం జయజయధ్వానాలు చేశారు.

తిరిగివచ్చిన పాత్రల మీది సీసాన్ని గీకి లోతుగా పాతిపెట్టి, ఆ ఇత్తడిని కరిగించి అమ్మవారి మూర్తిని పోతపోశారు. అచ్చు పగలగొట్టి చూడగా, ఒడిలో ఉంచినట్టు మలచిన చేయి ముందుకు చాచి ఉన్నది! ఆ చేతిలో తొలి ముద్ద పెట్టిన భాగ్యం బోడెమ్మది.

నేటికీ మాఘ పౌర్ణమినాడు నూనె మిల్లులవారు, మిఠాయి దుకాణాలవారు, పచ్చళ్ల వ్యాపారులు తమ సరుకును అమ్మవారికి నివేదించి, అందరి ఎదుట తాము తింటారు. బోడెమ్మ వంశపు ఆడపడుచు ఒకరు, “మీ ఇంట్లో ఇదే తింటున్నారా?” అని అడగడం ఆచారం. ఆ మధ్య ఒక పచ్చళ్ల వ్యాపారి ఆ ప్రశ్నకు తల వంచి, “లేదమ్మా” అని, గుడి ముందు నిలిపిన రెండు లారీల సరుకును వెనక్కి తిప్పించాడు. ఆనాడు ఆలయ గంటలన్నీ మోగించి, పూర్ణకుంభంతో ఎదురేగి, మొదటి ప్రసాదం ఆయనకే ఇచ్చారు. ఏ వ్యాపారం చేసేవారైనా ఈ తల్లి ఎదుట నిజం పలికితే, వారి చేతి వస్తువు పదిమందికీ ఆరోగ్యమై, వారి పేరు తరతరాలకూ నిలుస్తుందని భక్తుల విశ్వాసం.