ఎనిమిదో రాయి దగ్గర మిల్లు కూత

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడితే ఈ కథ నడవదు తల్లీ. దీనికి రెండు ఊళ్ళు కావాలి, నీ లెక్కలాగే.

ముందు ఆ పుస్తకం దిండు కింద నుంచి తియ్యి. లెక్క చెవిలోంచి ఎక్కదు. కళ్ళు తుడుచుకో. రేపు పరీక్షలో అందరూ రాసి లేచిపోతే నువ్వొక్కదానివీ మిగిలిపోతావని కదా బెంగ? సరే. ఎదురెదురుగా వచ్చే ఇద్దరి లెక్క అర్థం కాలేదన్నావు. నేను ఒక ఇద్దర్ని ఎదురెదురుగా నడిపిస్తాను. నువ్వు చూస్తూ ఉండు, చాలు.

అనగనగా రెండు ఊళ్ళు. కొండ మొదట్లో ఉన్నది గుమ్మడం. సముద్రం వైపు ఉన్నది కొత్తరేవు. మధ్యన పదహారు మైళ్ళ మట్టి బాట. మైళ్ళే, అప్పటికి కిలోమీటర్లు ఇంకా వాడుకలోకి రాలేదు. గుమ్మడం నుంచి లెక్కపెట్టుకుంటూ మైలుకొక రాయి పాతారు. అంటే సరిగ్గా నడిమధ్యన ఎన్నో రాయి? ఆఁ, ఎనిమిదో రాయి.

ఆ బాటలో బస్సు లేదు. ఉత్తరాల సంచి మనిషి భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో తీసుకెళ్ళాలి. అలాంటివాళ్ళని టపా రన్నర్లు అనేవారు. చేతిలో గజ్జెలు కట్టిన కర్ర. ఆ చప్పుడుకి పాములు తప్పుకునేవి, మనుషులు దారిచ్చేవాళ్ళు. ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ.

గుమ్మడం రన్నరు అసిరయ్య. కొత్తరేవు రన్నరు దాలినాయుడు. అసిరయ్య పెద్దవాడు, దాలి వయసులో ఉన్నవాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ వీడు 'మావా' అనేవాడు, ఆయన 'అల్లుడా' అనేవాడు.

పొద్దున్న ఆరింటికి ఇద్దరూ ఎవరి ఊళ్ళోంచి వాళ్ళు బయల్దేరేవారు. గంటకి నాలుగు మైళ్ళు ఇద్దరిదీ. ఎనిమిదో రాయి దగ్గర కలిసి సంచులు మార్చుకునేవారు. అప్పుడు వెనక్కి తిరిగి పదింటికల్లా ఎవరి ఊరు వాళ్ళు చేరేవారు. గుమ్మడంలో పదింటికి సంచి అందకపోతే, పైనున్న గూడేల ఉత్తరాలు ఆ రోజుకి ఆగిపోయేవి.

ఇద్దరికీ గడియారం లేదు. కానీ కొండ పక్కన ఒక జూట్ మిల్లు ఉండేది. సరిగ్గా ఎనిమిదింటికి కూత వేసేది. సంచులు మార్చుకుంటుంటే కూత, కూత వినపడుతుంటే సంచులు. ఏళ్ళ తరబడి అంతే.

అసిరయ్యకి ఒకే ఒక్క కోరిక. ముప్పై ఏళ్ళు పని చేసిన రన్నరు బిళ్ళ తిరిగివ్వక్కర్లేదు, ఇంట్లో ఉంచుకోవచ్చు. మధ్యలో మానేస్తే మాత్రం టపాఫీసు బల్ల మీద పెట్టి రావలసిందే. ఆయనకి కార్తీకం మొదటి సోమవారానికి ముప్పై ఏళ్ళు నిండుతాయి. బిళ్ళ తగిలించడానికి ఇంట్లో గోడకి మేకు ముందే కొట్టించేశాడు. "మేకుంది, బిళ్ళేదీ?" అని పెళ్ళాం రోజూ వేళాకోళం చేసేది.

ఆ యేడు ఎండాకాలంలో అసిరయ్యకి జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ మోకాళ్ళలో ఏదో ఉండిపోయింది. ఒకరోజు దాలి ఎనిమిదో రాయి చేరాడు. మిల్లు కూసింది. గజ్జెల చప్పుడు లేదు. చాలాసేపటికి, నలభై నిమిషాలకి, అసిరయ్య వచ్చాడు. రెండు సంచులూ ఆలస్యం. పైఅధికారి దగ్గర్నుంచి కాగితం వచ్చింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే అసిరయ్యని పనిలోంచి తీసేస్తామని.

అప్పుడు దాలి ఏం చేశాడు? ఎవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాడు ఇంటి దగ్గర్నుంచే అడుగు పెంచాడు.

ఇక్కడ కాస్త ఆగి చూడు తల్లీ. పదహారు కణుపుల చెరకు గడ ఒకటి ఉంది. ఇటు కొసన నువ్వు, అటు కొసన మీ తమ్ముడు నములుతూ వస్తున్నారు. రెండు గంటల్లో గడ అయిపోవాలి. అంటే ఇద్దరూ కలిసి గంటకి ఎన్ని కణుపులు నమలాలి? ఎనిమిది. ఒకరు నాలుగు నమిలితే రెండోవాళ్ళు నాలుగు. ఒకరు మూడే నమిలితే? ఆఁ, రెండోవాళ్ళు ఐదు. ఎవరెంత నమిలారన్నది గడకి పట్టదు. కలిసి ఎనిమిదైతే చాలు.

అదీ దాలి చేసిన పని. అసిరయ్య గంటకి మూడు మైళ్ళే నడిచాడు. దాలి ఐదు మైళ్ళు పరిగెత్తాడు. మిల్లు కూసే వేళకి ఇద్దరూ ఆరో రాయి దగ్గర కలిశారు.

"ఏటిరా అల్లుడా, ఇంత ముందుకొచ్చేసినావు? ఎనకాల పులేటైనా తరుముతోందా?" అన్నాడు అసిరయ్య.

"పులి కాదు మావా, మా ఇంటిదాని కేక. దాన్ని తప్పించుకొచ్చేసరికి కాళ్ళు ఆగనేదు."

అసిరయ్య పకపకా నవ్వాడు. పదింటికి ఇంట్లో ఉన్నాడు. "చూశావా, జ్వరం వచ్చినా నా నడక నడకే. దాలిగాడే, పిచ్చోడు, ఊరికే పరిగెడతన్నాడు" అని పెళ్ళాంతో చెప్పాడు. మనసుకి నచ్చిన జవాబు దొరికితే లెక్క అక్కడితో ఆపేస్తాం తల్లీ, పెద్దవాళ్ళం కూడా.

ఆ తర్వాత వానలొచ్చాయి. బాటంతా బురద. మోకాళ్ళు ఇంకా పట్టేశాయి. అసిరయ్య గంటకి రెండు మైళ్ళకి దిగిపోయాడు. మరి దాలి? నువ్వే చెప్పు. ఆరు. రెండు గంటల్లో ఇటు అసిరయ్య నాలుగు మైళ్ళు, అటు దాలి పన్నెండు మైళ్ళు. వెళ్ళేటప్పుడు పన్నెండు, వచ్చేటప్పుడు పన్నెండు. రోజుకి ఇరవై నాలుగు. అదివరకు పదహారే కదా!

ఇప్పుడు కలిసేది నాలుగో రాయి దగ్గర. ఆ రాయి పక్కనే గెడ్డ, అంటే చిన్న వాగు.

వానలు తగ్గాయి. కార్తీకం సోమవారం ఇంకా పన్నెండు రోజులుంది. ఆ పొద్దున దాలి సంచి దించి, గెడ్డలో కాళ్ళు పెట్టాడు. నీళ్ళు ఎర్రగా పారాయి. పాదాలు పగిలి నెత్తురు. అసిరయ్య చూశాడు. సరిగ్గా అప్పుడే మిల్లు కూసింది.

అసిరయ్య సంచి మీద చెయ్యి అలాగే ఆపేశాడు.

"అదేం కూతరా?"

"మిల్లు కూత మావా. కొత్తగా అడుగుతావేటి?"

"ఎనిమిదో రాయి కాడ కలిసిన రోజుల్లో కూడా ఇదే కూత గదా?"

దాలి వంగి పాదాలు కడుక్కోవడంలో పడ్డాడు.

అసిరయ్యకి చదువు రాదు. గెడ్డ ఒడ్డున గులకరాళ్ళు ఉన్నాయి. పదహారు రాళ్ళు వరసగా పేర్చాడు. ఇటు నుంచి ఒక వేలు, అటు నుంచి ఒక వేలు జరిపాడు. దాలిగాడు ఒక్కడే తొందరగా వస్తూ ఉంటే, తన నడక ఎప్పటిలాగే ఉంటే, ఇద్దరూ కూతకి ముందే కలవాలి. కూత పడేసరికి తను ఇంటి దారిలో ఉండాలి. అలా కాలేదు. కూత మారలేదు, రాయి మారింది. అంటే వాడు పెరిగినంతా తను తగ్గాడు. చూశావా తల్లీ, కలిసిన చోటు ఒక్కటే చూస్తే ఎవరు మారారో తెలియదు. వేళ కూడా చూడాలి. చదువులేని అసిరయ్య ఆ గులకరాళ్ళతో పట్టుకున్నది అదే.

"మన ఇద్దరిలో ఎవడి కాళ్ళు మారినాయిరా?" అన్నాడు.

"కాళ్ళు కాదు మావా, బాటే మారింది. వానలకి ముడుచుకుపోయింది."

అసిరయ్యకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "బాటలు ముడుచుకోవురా ఎర్రోడా. రాళ్ళు పాతినోడికి తెలుసు" అన్నాడు. అప్పుడు సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు.

ఆ నాలుగు మైళ్ళూ ఆలోచిస్తూనే నడిచాడు.

రెండు గంటలు ముందు, నాలుగింటికే బయల్దేరితే? సంచి రాత్రే కట్టి సిద్ధంగా ఉంటుంది. గంటకి రెండు మైళ్ళ చొప్పున ఎనిమిదింటికి ఎనిమిదో రాయి చేరిపోవచ్చు. దాలి ఎప్పటిలాగా నెమ్మదిగా రావచ్చు.

ఏమంటావు? 'మరి తిరిగి రావడమో?' అంటావా? భలే పట్టుకున్నావు! అసిరయ్య కూడా అక్కడే ఆగిపోయాడు. వచ్చేటప్పుడు కూడా నాలుగు గంటలు. అంటే గుమ్మడం చేరేసరికి పన్నెండు. పదింటికి గూడేలకి ఉత్తరాలు మోసే మనిషి ఎదురుచూసి వెళ్ళిపోతాడు. కుదరదు.

పోనీ, ఇన్నాళ్ళు జరిగినట్టే ఇంకో పన్నెండు రోజులు జరగనిస్తే? దాలి ఏమీ అనడు. వాడికి రోజుకి ఎనిమిది మైళ్ళే కదా ఎక్కువ. పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు. తన గోడ మేకుకి బిళ్ళ వేలాడడానికి దాలి ఆ పాదాలతో తొంభై ఆరు మైళ్ళు అదనంగా పరిగెత్తాలి.

ఇక మిగిలింది మూడో దారి. దాని గురించి ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

గుమ్మడం పోస్టుమాస్టరు పేరు కృపానిధి. అసిరయ్య సంచి దించాడు. అప్పుడు ఛాతీ మీద బిళ్ళ తీసి, పంచె కొసతో తుడిచి, బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి అసిరయ్యా, పన్నెండు రోజులేగా! ఓపిక పట్టలేవా?"

"నాకు పన్నెండు రోజులే బాబూ. అటేపు దాలిగాడికి ఎన్ని మైళ్ళో మీరే లెక్క కట్టి సెప్పండి."

కృపానిధి కాగితం తీశాడు. అసిరయ్య చెప్పినదంతా రాసుకుని, గుణించాడు. అంకె చూసి కలం పక్కన పెట్టేశాడు.

మర్నాడే గుమ్మడానికి కొత్త రన్నరు వచ్చాడు. గంటకి నాలుగు మైళ్ళ మనిషి. మళ్ళీ ఎనిమిదో రాయి. మళ్ళీ మిల్లు కూత. దాలి కాళ్ళు మెల్లగా మానుతున్నాయి. కానీ వాడికి మనసు బాగాలేదు. కొత్తవాడు 'అల్లుడా' అనడు, పులి గురించి అడగడు. సంచి ఇచ్చి సంచి పుచ్చుకుని వెళ్ళిపోతాడు.

అలా పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు కార్తీకం మొదటి సోమవారం. ఆ పొద్దున దాలి ఎనిమిదో రాయి దగ్గరికి వస్తూ దూరం నుంచి చూశాడు. రాయి మీద ఎవరో కూర్చుని ఉన్నారు. కొత్త రన్నరు ఇంకా వెనకాల ఎక్కడో వస్తున్నాడు, గజ్జెలు వినపడుతున్నాయి.

కూర్చున్నది అసిరయ్య! పక్కన ముంతలో అంబలి. చిన్న సీసాలో పాదాలకి రాసుకోడానికి ఆముదం.

"మావా! ఆ మోకాళ్ళతో ఎనిమిది మైళ్ళు ఎలాగొచ్చినావు?"

"నడిసే వచ్చినాను. గంటకి రెండు మైళ్ళే గదా నావి, నాలుగింటికే బయల్దేరినాను. భుజాన సంచి నేదు, ఎనక్కెళ్ళే తొందర నేదు."

అప్పుడు మిల్లు కూసింది. అసిరయ్య ముప్పై ఏళ్ళూ ఆ కూతతో నిండాయి. ఏ రాయి దగ్గర నిండాలో ఆ రాయి దగ్గరే.

దాలి కిందకి వంగి, తన కర్రకున్న గజ్జెల్లో ఒకటి ఊడదీశాడు. అసిరయ్య అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "టపా సొమ్మురా, తప్పు" అన్నాడు అసిరయ్య. "పదహారు గజ్జెల్లో ఒకటి తగ్గితే ఎవడు లెక్కెడతాడు మావా? అయినా లెక్కలు నువ్వొక్కడివే సేస్తావు" అన్నాడు దాలి.

గుమ్మడంలో ఆ ఇంటి మేకుకి ఆ గజ్జె చాలాకాలం వేలాడింది. గాలి వచ్చినప్పుడల్లా మోగేది. "మేకుంది, బిళ్ళేదీ?" అనే వేళాకోళం ఆవిడ మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

ఇంతే కథ. పడుకో ఇంక.

ఏమిటీ? మళ్ళీ ఎందుకు లేచావు? రేపు ఐదింటికి లేపాలా? పరీక్ష తొమ్మిదింటికి కదే! ఓ... ముందు బయల్దేరతావా? అలాగే లేపుతాను. చెరకు గడ కూడా ఒకటి దగ్గర పెడతాను, కణుపులు లెక్కపెట్టుకోడానికి.

రాయి దాటి, గెడ్డ దాటి కథ కంచికి,
కూత వేసి, పొగ వేసి మిల్లు పనికి,
దీపమార్పి, దుప్పటేసి మనం నిద్రకి.