ఆకు బొమ్మ గ్లాసు

ప్రశ్న అడిగినవాళ్ళకి ఆచార్య పరాంకుశం గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కుర్చీలోంచి లేచి చెప్పులు వేసుకునేవారు. ఆయన చెప్పులు వేసుకున్నారంటే అడిగినవాళ్ళు కూడా వెంట నడవాలన్నమాట. జవాబు ఎక్కడో ఆరుబయట ఉంటుంది. అందుకే ఆయన దగ్గర పరిశోధన చేసే మేమంతా ఎండవేళ ప్రశ్నలు అడిగేవాళ్ళం కాదు. ప్రసూన మాత్రం ఆరోజు సరిగ్గా పన్నెండు గంటలకి, గదిలోకి వస్తూనే అడిగింది.

“సార్, చెత్త వేరు చెయ్యనివాళ్ళది తప్పవుతుంది గానీ, వేరు చెయ్యమని చెప్పినవాళ్ళది ఎలా అవుతుంది?”

ప్రసూన ఒకప్పుడు ఆయన శిష్యురాలు. అప్పటికి మా విభాగంలోనే పాఠాలు చెబుతోంది. విశ్వవిద్యాలయం పర్యావరణ కమిటీ బాధ్యత ఆమెది, కొనుగోళ్ళ కమిటీలోనూ సభ్యురాలు. పని దొంగ కాదు. హాస్టళ్ళ ముందు, క్యాంటీన్ దగ్గర మూడు రంగుల డబ్బాలు పెట్టించింది. ఏది ఎందులో వెయ్యాలో బొమ్మలు గీసి, తన చేత్తోనే అంటించింది. ఆ ఏడాది పర్యావరణం మీద జరిగిన పెద్ద సదస్సుకి ప్లాస్టిక్ గ్లాసులు వద్దని పట్టుబట్టి, పచ్చటి ఆకు బొమ్మ ఉన్న పేపరు గ్లాసులు తెప్పించింది. మూడు రోజుల సదస్సులో వచ్చినవాళ్ళంతా వాటిలోనే టీలు తాగి ఆమెను మెచ్చుకున్నారు.

రెండు నెలల తర్వాత గొడవ మొదలైంది. మా ఎరువు తొట్లలోని వానపాముల ఎరువు పక్క ఊరి కూరగాయల రైతులకి వెళ్తుంది. ఆ ఎరువు వేసిన వంగ మడుల్లో పల్చటి ప్లాస్టిక్ పొరలు తేలాయి. రైతులు వాటిని దోసిళ్ళలో పట్టుకుని నిలబడ్డ ఫోటో పత్రికలో వచ్చింది. పచ్చదనానికి ఇచ్చే ఏదో పురస్కారం కోసం తనిఖీ బృందం పది రోజుల్లో రావలసి ఉంది. నివేదిక ఇమ్మని పైనుంచి అడిగారు. ప్రసూన గంటలో రాసిచ్చింది. చెత్త వేరు చేసే మనిషి నిర్లక్ష్యం వల్లే ఇది జరిగిందని అందులో ఉంది. ఆ మనిషి పేరు ఎర్రయ్యమ్మ. ఆరేళ్ళుగా ఆ తొట్లు చూసుకుంటున్న కాంట్రాక్టు కూలీ. రేపట్నుంచి రావద్దని ఆమెకు కబురందింది. ఆ పూటే ఎర్రయ్యమ్మ మా విభాగం మెట్ల ముందు నిలబడి, విద్యార్థులందరూ వింటుండగా ప్రసూనను పేరుపెట్టి కడిగేసింది.

“నేను ఆమె మీద కక్షతో రాశానా సార్? ఉన్నదే రాశాను. అందరి ముందూ నన్ను అన్నేసి మాటలంటుందా?” అంది ప్రసూన.

పరాంకుశం గారు చెప్పులు వేసుకున్నారు. నన్నెవరూ పిలవలేదు గానీ నేనూ వెంట వెళ్ళాను.

తొట్లు క్యాంటీన్ వెనక, సరుగుడు చెట్ల అవతల ఉంటాయి. ఎర్రయ్యమ్మ తన జల్లెడ, రెండు గోనె సంచులు మూట కట్టుకుంటోంది. మమ్మల్ని చూసి దణ్ణం పెట్టలేదు, లేచి నిలబడనూ లేదు. మొదటి తొట్టిలోది అప్పటికే నేలమీద కుమ్మరించి ఉంది. నీళ్ళు దిగక, గాలి ఆడక నల్లగా కుళ్ళిపోయి దుర్వాసన కొడుతోంది. మధ్యమధ్య తెల్లటి పొరలు. వానపాము ఒక్కటి కూడా కనిపించలేదు.

“ఎర్రయ్యమ్మా, ఆ గ్లాసులు ఇంకా ఉన్నాయా?” అన్నారు పరాంకుశం గారు.

ఆమె పక్కనున్న సంచిని కాలితో మా వైపు తోసింది. ఆయన అందులోంచి ఒక గ్లాసు తీసి, బకెట్ నీళ్ళలో ముంచి, ప్రసూన చేతిలో పెట్టారు.

“ఇందులో కాగితం వేరు, కాగితం కానిది వేరు చెయ్యి.”

ప్రసూన తొట్టి గట్టు మీద కూర్చుంది. ముందు కాగితం మెత్తబడి సులువుగానే ఊడింది. తర్వాత పీచుపీచుగా గోళ్ళలో ఇరుక్కుంది. కాగితం కింద, లోపలి వైపంతా, ఒక ప్లాస్టిక్ పొర ఉంది. ఎంత గీకినా ఒకచోట చిరుగుతుంది, ఇంకోచోట అతుక్కుని ఉంటుంది. చెమట కళ్ళలోకి కారుతుంటే ముంజేత్తో తుడుచుకుంది. పావుగంట గడిచినా అడుగుభాగం రాలేదు. మేం ముగ్గురం చూస్తూ ఉన్నాం. ఆయన ఆపమనలేదు.

చివరికి ఎర్రయ్యమ్మే నోరు విప్పింది. “ఆ సంచినిండా అయ్యే అమ్మా. అలాటి సంచులు ఎన్నొచ్చాయో నాకే తెలుసు. నాకు సదువు రాదు. ఆకు బొమ్మున్నది ఈ తొట్లో ఎయ్యాలని గోడకి కాయితం అంటించినోరు ఎవులు? మీరే కదా. ఎయ్యమన్నారు, ఏసాను.”

ప్రసూన మళ్ళీ గ్లాసు అడుగు గీకసాగింది.

“ఆరేళ్ళు పెంచాను ఈటిని. పురుగులే కదా అని మీకు నవ్వులాటగా ఉంటాది. ఎండాకాలం ఇంటికాడ్నుంచి గోనెలు తెచ్చి, తడిపి కప్పాను. పారేసిందెవులో, ఏరనిదెవులో రాసుకున్నారు గదా. మరి దీన్ని కొన్నదెవులు? అది రాసారా?”

పరాంకుశం గారి ముఖం ఎర్రబడడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన ఎర్రయ్యమ్మ వైపు కాక ప్రసూన వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి అన్నారు. “గ్లాసులు కొనమన్న కాగితం మీద నీ సంతకం కింద నా సంతకం ఉంది. ఆ కొనుగోళ్ళ కమిటీ సమావేశంలో ఈ గ్లాసులోనే టీ పోసిచ్చారు. తాగాను, సంతకం పెట్టాను. అది దేనితో చేశారని అడగలేదు. ముప్పై ఏళ్ళు ఇదే పాఠం చెప్పిన మనిషిని.”

ప్రసూన లేచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చేతిలోని తడి పొరను అలాగే పట్టుకుని, పరిపాలన భవనం వైపు దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళింది. మేం వెళ్ళేసరికి, ఆ నివేదిక అందుకున్న స్టోర్స్ అధికారి నీలాద్రి గారి బల్ల ముందు నిలబడి ఉంది.

“నా నివేదిక వెనక్కివ్వండి. అందులో ఎర్రయ్యమ్మ పేరు కొట్టేసి నా పేరు రాస్తాను.”

నీలాద్రి గారు మర్యాదస్తుడు. ముందు కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు. “మేడం, మీరు ఎండలోంచి వచ్చారు. కాస్త మంచినీళ్ళు తాగండి. తనిఖీవాళ్ళు వస్తున్నారు. ఎవరో ఒకరి మీద చర్య తీసుకున్నట్టు కనపడాలి కదా. ఆవిడకి ఇంకోచోట పని దొరుకుతుంది. మీ పేరు ఎక్కితే మనందరి పేరూ ఎక్కినట్టే.”

“ఎక్కనివ్వండి.”

“ఇలాంటివి రికార్డులోకి పోవు మేడం.”

ప్రసూన ఆ తడి పొరను ఆయన ముందున్న ఫైలు మీద పరిచింది. నల్లటి నీళ్ళు కాగితాల మీదికి పాకాయి. ఆయన గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. “ఇది వంకాయ మడిలోకి పోయింది. రైతుల ఇళ్ళదాకా పోయింది. మీ రికార్డులోకి మాత్రం పోదా?” అని ఆమె అరిచిన అరుపుకి వరండాలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. అక్కడే నిలబడి కొత్త నివేదిక రాసింది. గ్లాసులు పరీక్షించకుండా కొన్నది కమిటీ అనీ, తప్పుడు బొమ్మ అంటించింది తాననీ, చెప్పినట్టు చేసిన మనిషిని తీసెయ్యడం అన్యాయమనీ రాసి సంతకం పెట్టింది. పరాంకుశం గారు కలం తీసుకుని ఆ సంతకం కింద తనదీ పెట్టారు. నీలాద్రి గారు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. దాని ప్రతులు మేమే గోడలకి అంటించాం, మూడు రంగుల డబ్బాల పైన, ప్రసూన గీసిన బొమ్మలు చింపేసి.

ఆ తర్వాత జరిగినది చెప్పుకోవడానికి అంత బాగుండదు. తనిఖీ బృందం రావడానికి ముందురోజు మా కాగితాలు గోడల మీదినుంచి మాయమయ్యాయి. వచ్చినవాళ్ళకి కుళ్ళిన తొట్లు చూపించలేదు. పురస్కారం వచ్చింది. నీలాద్రి గారు వేదిక ఎక్కి అందుకున్నారు, వచ్చిన అతిథులకి ఆకు బొమ్మ గ్లాసుల్లోనే టీ ఇచ్చారు. ప్రసూనను రెండు కమిటీల నుంచీ తప్పించారు. అయినా ఆమె ఊరుకోలేదు. వంగ మడుల రైతులను వెంటబెట్టుకుని పై అధికారుల చుట్టూ తిరిగింది. వాళ్ళు పనులు మానుకుని మరీ వచ్చారు. మూడో నెలలో ఎర్రయ్యమ్మను తిరిగి పనిలోకి పిలిచారు. పొరపాటు జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఎర్రయ్యమ్మ వచ్చిన రోజు ప్రసూన తొట్ల దగ్గరికి వెళ్ళి, చేతులు జోడించి, తప్పయిపోయిందని చెప్పింది. ఎర్రయ్యమ్మ జల్లెడ దించకుండానే అంది. “మీ తప్పుకి మూడు నెల్లు నా ఇంట్లో పొయ్యి సరిగా ఎలగలేదు. మాట సెప్పి పోతే సరిపోద్దా? పోండి, నాకు పనున్నాది.”

ప్రసూన అక్కడినుంచి నేరుగా పరాంకుశం గారి గదికి వచ్చింది. ఈసారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కిటికీ దగ్గర నిలబడి, “ఆమె కోపం ఎప్పటికి తగ్గుతుంది సార్?” అని అడిగింది.

ఆయన కుర్చీలోంచి కదల్లేదు.

“తగ్గకూడదనే నా కోరిక. ఈ గేటు లోపలికి ఏం వస్తోందో చూస్తున్నది ప్రస్తుతానికి ఆ కోపమొక్కటే.”