విప్పని కానుక

పరాంకుశం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. "రేపు రా" అంటారు. ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని, ఇప్పుడు ఒకే జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్న కామేశానికీ సలోమికీ ఈ సంగతి బాగా తెలుసు. అయినా కామేశం ఉండబట్టలేక ఒకరోజు మాస్టారి వసారాలో నిలబడే అడిగేశాడు.

"పిల్లలకి విదేశీ సినిమాలు వేసి చూపిస్తే ఇంగ్లీషొచ్చేస్తుందా మాస్టారూ? వాళ్ళ అలవాట్లు మనకెందుకండీ?"

సినిమాలు చూపించే సలోమి క్లాసు కిటకిటలాడుతోంది, తనది వెలవెలబోతోంది. అదొక మంట. అసలు మంట వేరే ఉంది. పోయిన నెల మాస్టారి పదవీ విరమణ సభలో సలోమి తెచ్చిన గారెల డబ్బాను, వేడి చల్లారిపోతుందని ఆయన అక్కడికక్కడే తెరిచి అందరికీ పంచారు. కామేశమూ రెండు తిన్నాడు గాని రుచి తెలియలేదు. తాను రంగు కాగితం చుట్టి ఇచ్చిన కానుకను మాత్రం మాస్టారు కళ్ళకద్దుకుని, విప్పకుండానే లోపలికి పంపేశారు. గురువుగారి ప్రేమంతా సలోమి పాలైందని ఆనాడే తేల్చుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా వసారా దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

మాస్టారు ఎప్పటిలాగే రేపు రమ్మన్నారు. మర్నాడు గురుశిష్యులిద్దరూ సలోమి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నారు. సినిమాలో, పరదేశంలో అద్దెకుంటున్న మన కుర్రవాడికి ఇంటి యజమానురాలు, ఒక ముసలావిడ, పుట్టినరోజు కానుక ఇచ్చింది. అతను రెండు చేతులా అందుకుని, వినయంగా అలమరలో పెట్టేశాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. సలోమి బొమ్మ ఆపి, ఎందుకో చెప్పమంది.

"నచ్చలేదనుకుంటోంది మేడమ్," అంది ముందు బెంచీ పిల్ల. "వాళ్ళలో ఎదురుగానే విప్పాలేమో. మనలో విప్పితే ఆశపోతంటారు కదా."

అందరికన్నా ముందు కామేశమే నవ్వాడు. "పిచ్చి తల్లి. అతను మర్యాదకి దాచాడని ఆవిడకి ఆ మాత్రం తెలీదూ?"

క్లాసు అయ్యాక మాస్టారు కామేశాన్ని ఇంటికి తీసుకొచ్చి, వసారా దాటించి, తన గదిలోకి నడిపించారు. మంచం పక్కన కామేశం ఇచ్చిన టేబుల్ లాంపు ఉంది. దాని కింద సగం చదివిన పుస్తకం. ఆ పుస్తకానికి అట్ట, కానుకకు చుట్టిన రంగు కాగితమే. కామేశం సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఆవిడంటే పరాయి దేశపు మనిషి," అన్నారు మాస్టారు, లాంపు వెలిగిస్తూ. "మరి నీది ఏ ఊరు కామేశం?"