దారితల్లి తొలిబరువు వ్రత కథ

అందరును కుడిచేత అక్షతలు పట్టుకొని, బండి వైపు కాళ్ళు చాపక, మాటలు మాని ఈ కథ వినవలెను. కథ ముగియువరకు ఇంజను ఆపి, తాళపుచెవి పసుపు రాసిన పీటపై ఉంచవలెను.

పూర్వము రథీతర మహాముని తన ఆశ్రమమున శిష్యులకు రథముల లక్షణములు బోధించుచుండగా, దేశములన్నియు కాలినడకన తిరిగి అరికాళ్ళు పగిలిన పథిక ముని అచ్చటికి వచ్చెను. రథీతరుడు ఆయనకు కాళ్ళు కడుగుకొన నీళ్ళిచ్చి, ఆసనము చూపి, కుశలమడిగెను. పథికుడు సేదదీరి ఇట్లు ప్రశ్నించెను.

"మహాత్మా, కలియుగమున ఎద్దులు, గుర్రములు లేని రథములు వచ్చునని వింటిని. అవి డీజిల్ అను తైలము త్రాగి, ఏనుగువలె ఘీంకరించి, ముందు మనుషులను, వెనుక బరువులను మోయునట. అట్టి బండి కొనిన గృహస్థులు ఏ వ్రతము చేసినచో అది వారికి కలసివచ్చును?"

రథీతరుడు సంతోషించి, దారితల్లి తొలిబరువు వ్రతమని ఒకటి కలదనియు, దానిని మరచి చెడి, చేసి బాగుపడు ఒక ఇంటివారి కథ చెప్పెదననియు పలికి, త్రికాలములెరిగినవాడగుటచే, రాబోవు దానిని జరిగినట్లే ఇట్లు చెప్పసాగెను.

పెన్నానదికి దక్షిణమున చిలకలదిన్నె అను గ్రామము కలదు. ఆ ఊరివారికి నిమ్మతోటలే జీవనము. అందు పెంచలయ్య అను రైతు, అతని భార్య చెంగమ్మ, తల్లి శేషమ్మ కాపురముండిరి. నిమ్మకాయ పచ్చగా ఉండగా బజారు చేరినచో గౌరవము. ఎండలో కాచుకొని పసుపు తిరిగినచో దానిని అడుగువారుండరు. పెంచలయ్యకు సొంత బండి లేనందున ప్రతి కోతకు సంచులు రోడ్డుపై వేసి బాడుగ బండికై కూర్చుండెడివాడు. ఆ బండి పెద్ద తోటలన్నియు తిరిగి చివరకు వీరి వద్దకు వచ్చెడిది. ఇట్లు పది సంవత్సరములు గడచెను.

ఒక వైశాఖమాసమున చెంగమ్మ సంచుల ప్రక్కన నిలువబడి, పోవు ప్రతి బండికిని చెయ్యెత్తెను. ఒక్కటియు ఆగలేదు. మధ్యాహ్నమునకు పైనున్న కాయలన్నియు పసుపు తిరిగెను. అప్పుడామె రోడ్డుపై దుమ్ము వేలితో తీసి కన్నుల కద్దుకొని ఇట్లు మొక్కుకొనెను.

"తల్లీ, దారితల్లీ, మా వాకిట్లో ఒక బండి నిలబెట్టు. దాంట్లో తొలి బరువు మాది కాదు. దారిలో మొదట చెయ్యెత్తినోళ్ళది. బాడుగ లేకుండా వాళ్ళ ఇంటికాడ దించి, ఆ తర్వాతే మా కాయ ఎక్కిస్తాం."

దారితల్లి ఆ మాట వినెను. మరుసటి ఏడు తోట విరగకాచెను. శ్రావణమాసమున ఒక శుక్రవారము ఉదయము పెంచలయ్య పట్టణము నుండి కొత్త పికప్ బండిని తానే నడుపుకొని వచ్చెను.

ఆ బండి వైభవము ఏమని చెప్పుదును? పాలవంటి తెల్లని రంగు. పెద్దవారి తొడ ఎత్తు చక్రములు. వెనుక తొట్టియందు ఇరువదిమంది బంతి వేసి భోజనము చేయవచ్చును. వాకిట నిలిపి ఇంజను ఒక్కసారి రేపగా కోళ్ళు గోడలెక్కెను, శేషమ్మ చేతిలోని కాఫీ గ్లాసు వణకెను, వీధిలోని బర్రెలన్నియు మేత మాని తలలెత్తి చూచెను. ఊరివారందరు వచ్చి చక్రములు తట్టిరి, తలుపులు తీసి వేసిరి, అద్దములలో మొగములు చూచుకొనిరి. శేషమ్మ పీట వేయించుకొని ముందు సీటెక్కి, వీధి చివరిదాకా త్రిప్పుమనెను. త్రిప్పి తెచ్చి వాకిట ఆపగా, ఆమె దిగక, ఇంకొక్కసారి పోనిమ్మనెను. అట్లు నాలుగుసార్లు పోనిచ్చిరి.

పిమ్మట చెంగమ్మ పూజ చేసెను. బండిని కడిగి తుడిచి పసుపు కుంకుమలు పెట్టెను. ముందు అద్దమునకు మాత్రము పెట్టలేదు, నడుపువానికి దారి కనబడవలెను గనుక. కొబ్బరికాయ కొట్టి, తమ తోటలోని నాలుగు నిమ్మకాయలు నాలుగు చక్రముల క్రింద ఉంచి తొక్కించిరి. నలిగిన కాయలను ఎవరును కాలు జారి పడకుండ ఆమెయే ఏరి గంపలో వేసెను. స్టీరింగునకు తోరము కట్టి, మొక్కు సంగతి భర్తకు మరియొకసారి గుర్తు చేసెను. అతడట్లేయనెను.

అతడు బండిని బయటకు తీసిన వెంటనే, ఊరి పొలిమేరలో కాటమయ్య అను గొర్రెలకాపరి కర్ర పైకెత్తి ఆపుమనెను. అతని వద్ద పదునొకండు గొర్రెలుండెను. అందులో ఒకదాని కాలు వాచి నడువలేకుండెను. మందను వాగవతలి దిన్నెమీది తన దొడ్డికి చేర్చుమని అతడు వేడుకొనెను. పెంచలయ్య వెనుకకు తిరిగి తళతళలాడు తొట్టిని చూచెను. గొర్రెల డెక్కలను చూచెను. అతని మనసు ఒప్పలేదు.

"కొత్త బండి కాటమన్నా. గొర్రెలెక్కితే పెంటికలు ఎవరు ఎత్తాల?"

ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగా చెంగమ్మ నివ్వెరపోయెను. అతడు, కాటమయ్య ఎత్తినది కర్ర గాని చెయ్యి కాదనియు, కర్ర ఎత్తినచో మొక్కునకు చెందదనియు వాదించెను. "కర్ర దానంతటదే లేచిందా, దాని వెనక చెయ్యి లేదా?" అని ఆమె అడిగెను. అతడు బండి తుడుచుటకు పోయెను.

మరునాడు కోత. పెంచలయ్య తొట్టియందు ఇంటిలోని పరుపులు పరచి, వానిపై సగము సంచులే ఎక్కించెను. రంగుపై రాయి ఎగిరిపడునని గుంట గుంటకు ఆగి పోయెను. బజారు చేరునప్పటికి వేలము ముగిసి, జనులు చేతులు కడుగుకొనుచుండిరి. కాయలు పసుపు తిరిగెను. దారితల్లి మొగము త్రిప్పుకొనెను.

తరువాతి వారము దర్జీ మస్తానమ్మ వచ్చి, కొత్త అద్దె ఇంటికి తన కుట్టుమిషనును, రెండు ట్రంకుపెట్టెలను చేర్చుమని అడిగెను. పెంచలయ్య, ఇనుప పెట్టెలు గీతలు పెట్టునని చెప్పి ఆమెను కూడ పంపివేసెను. ఆమె, "గీతలు పడని బండి కావాలంటే గోడమీద బొమ్మ గీయించుకోవాల్సింది నాయనా" అని, మిషను నెత్తిన పెట్టుకొని పోయెను. మరునాడు అతడు బజారునకు పోవుచుండగా కొమ్మ రాయునని దగ్గరి దారి విడిచి, చుట్టుదారిన పోయెను. మరల వేలము తప్పెను. దారితల్లి మొగము త్రిప్పుకొనెను.

అంతట పెంచలయ్య, పూజలో లోపము జరిగెనని తలచి, గుమ్మడికాయ కట్టెను. నల్లతాడు కట్టెను. తొట్టి క్రింద ఉండు అయిదవ చక్రమునకు నిమ్మకాయ పెట్టలేదని ఒకరు చెప్పగా, దానిని దింపి, దాని క్రిందను నిమ్మకాయ పెట్టి తొక్కించెను. పిమ్మట బండికి దుప్పటి కప్పి పందిటి క్రింద నిలిపెను. దినమునకు రెండుసార్లు లోపల కూర్చుండి, పాటలు పెట్టుకొని, సీటుపై ప్లాస్టిక్ కవరు నిమిరి దిగెడివాడు. కాయలు మరల బాడుగ బండికై రోడ్డెక్కెను. సొంత బండి ఉండియు చెంగమ్మ రోడ్డుపై నిలువబడి చెయ్యెత్తుచుండెను. చూచినవారు నవ్విరి. ఒకనాడు తాళము త్రిప్పగా ఇంజను పలుకలేదు. మెకానిక్కు వచ్చి అంతయు చూచి, "బండికేం కాలేదన్నా. నడపక బ్యాటరీ దిగిపోయింది. దీనికి పని లేదు, అదే రోగం" అని చెప్పి, బ్యాటరీ తెచ్చుటకు పట్టణమునకు పోయెను.

అది కార్తీకమాసము. అతడు తిరిగి రాకముందే వాయుగుండము పట్టి రెండు దినములు వాన కురిసెను. మూడవనాడు ఉదయము వాగు పొంగి దిన్నె చుట్టు నీరు చేరెననియు, కాటమయ్య మందతో అచ్చట చిక్కెననియు కబురు వచ్చెను. వాన ఇంకను కురియుచునే ఉండెను. బాడుగ బండ్లేవియు రాకుండెను. గొర్రెలే కాటమయ్య సర్వస్వము.

చెంగమ్మ పందిటి క్రిందికి పోయి, బండిమీది దుప్పటి లాగివేసెను. పెంచలయ్య, కొత్త బ్యాటరీ ఇంకను రాలేదని గొణిగెను. అప్పుడామె ఇట్లనెను.

"బండికి పూజ చాలయ్యా. ఇప్పటికైనా పని చెప్పు."

ఆ మాటకు అతని కన్నులు తెరచుకొనెను. వీధివారిని పిలువగా అందరు వచ్చి బండి వెనుక చేరిరి. మస్తానమ్మయు వచ్చి తొట్టిపై చేయి వేసి, "నా పెట్టెలైతే గీతలు పెడతాయంటివి. నా గాజులు పెట్టవా?" అనెను. పెంచలయ్య తల వంచుకొని, "పెట్టనీ అక్కా. తొయ్యి" అనెను. వారు తోసిరి. అతడు రెండవ గేరు వేసి క్లచ్చి వదలెను. బండి రెండుసార్లు దగ్గి, మూడవసారి గర్జించెను. వీధి అంతయు కేక వేసెను.

వాగు ఒడ్డున చెంగమ్మ దిగి, కర్ర పెట్టి లోతు చూచెను. నీరు ఇరుసు క్రిందనే ఉండెను, వడి లేదు. దూరమున దిన్నెపై కాటమయ్య కనబడెను. అతని కర్ర రాత్రి వరదలో కొట్టుకొనిపోయి ఉండెను. అతడు వట్టి చేతులు రెండును పైకెత్తి నిలువబడెను.

పెంచలయ్య ఆ చేతులను చూచెను. వెంటనే సీటుపై ప్లాస్టిక్ కవరును చించి వేసి, చెంగమ్మను ఎక్కుమనెను. బండి నీటిని రెండుగా చీల్చుకొని, అలలను అటునిటు విసరుచు, బురదలో చక్రములు కొరికి పట్టుకొని, ఒక్కచోటను ఆగక దిన్నె ఎక్కెను. బాడుగ బండ్లు చేరలేని చోటికి తన బండి చేరినందుకు, అంత వానలోను పెంచలయ్య బిగ్గరగా నవ్వెను. పది గొర్రెలను తొట్టిలోకి ఎక్కించిరి. కుంటి గొర్రె ఎక్కబోయి జారి, డెక్కతో తొట్టి అంచున మూరెడు గీత గీసెను. దానిని ముందు సీటున చెంగమ్మ ఒడిలో పరుండబెట్టిరి. అట్లు మొక్కుకొనిన తొలి బరువు ఎక్కెను. ఊరిలో కాటమయ్య అన్నగారి వాకిట బాడుగ లేకుండ దింపిరి.

ఇంటికి వచ్చి పెంచలయ్య తొట్టి కడుగుటకు పైపు పట్టగా, శేషమ్మ అడ్డుపడి, "కడగబాకరా. అది తొలి ప్రసాదం" అనెను. చెంగమ్మ పెంటికలన్నియు చీపురుతో ఊడ్చి, గంపకెత్తి, నిమ్మచెట్ల మొదళ్ళలో వేసెను. రెండవ బరువుగా, మస్తానమ్మ తన అక్కగారి ఊరి నుండి తెచ్చుకొను మంచమును మోసిరి. మూడవ బరువు వారి కాయ.

ఆ ఏడు చెట్లు కొమ్మ కొమ్మకు పూచెను. వేసవి కోతనాడు పెంచలయ్య పరుపులు లేకుండ, అంచు దాటి సంచులు పేర్చెను. ముందు సీటున శేషమ్మ కిటికీ దింపుకొని కూర్చుండెను. నిమ్మవాసన దారి పొడవునా వెదజల్లుచు, ఎత్తులను గుంటలను లెక్కచేయక, ఆ బండి వేలమునకు అందరికంటె ముందు చేరెను. కాయ కోసినప్పటి పచ్చదనము తగ్గలేదు. విజయదశమినాడు పూజకు కూర్చుండి పెంచలయ్య తొలి కుంకుమ బొట్టు ఇంజనుకు గాక, గొర్రె గీసిన గీతకు పెట్టెను. నేటికిని ఆ ఇంట అదే ఆచారము.

ఇట్లు రథీతరుడు చెప్పి ముగించి, పథిక ముని పగిలిన పాదములు చూచి, తన రథము కట్టించి, ఆయనను పోవలసిన తావుదాకా దింపి వచ్చెను.

కావున కొత్త బండి కొనినవారు, పాత బండి మార్చినవారు, బాడుగకు నడుపువారు, నడుపువారి కొరకు వాకిట ఎదురుచూచు ఇల్లాండ్రు ఈ వ్రతము చేయవలెను. సీటు కవర్లు తీసిన తరువాతనే తోరము కట్టవలెను. తొలి బరువు పరులది కావలెను, దాని దుమ్మును చెట్టు మొదట వేయవలెను. అట్లు చేసినవారికి పోయిన చోటెల్ల దారి దొరకును, తెచ్చిన సరుకు వాడిపోకముందే చేరును, పోయినవారు క్షేమముగా ఇల్లు చేరుదురు. చేయ శక్తి లేనివారు కథ వినినను చాలును. ఇప్పుడు చేతిలోని అక్షతలు ముందు చక్రముపై వేసి లేవవలెను. రేపు దారిలో ఎవరైనను చెయ్యెత్తినచో, ఈ కథ తలచుకొని బ్రేకు వేయవలెను. వ్రతఫలమంతయు ఆ బ్రేకు మీదనే ఉన్నది.