ఆరింటి కూత

భానోజీకి ఆ ఊళ్లో ఒక్కటే శత్రువు. అది మనిషి కాదు, జూట్ మిల్లు కూత.

పన్నెండేళ్ల కిందట దాలయ్య మాస్టారు ఐదుగురు పిల్లలకి ఫిడేలు నేర్పేవారు. ఆ ఐదుగురిలో పెద్దవాడు భానోజీ. తర్వాత మాస్టారి వేళ్లు వాతంతో బిగుసుకుపోయాయి. బృందం భారం భానోజీ మీద పడింది. పడిందని ఏడుస్తూ కూర్చోలేదు. సైకిలేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాడు. భజనల్లో మృదంగం కొట్టేవాణ్ణి, వీణ నేర్చి అటకెక్కించిన పంతులమ్మని, పొలం గట్టున పిల్లనగ్రోవి ఊదుకునేవాణ్ణి, అందరినీ కూడగట్టాడు. ఐదుగురు కాస్తా ముప్ఫై ఒక్కరయ్యారు.

మాస్టారు తంబుర పట్టుకుని అందరి వెనకాల కూర్చునేవారు. తంబుర మీటడానికి వేళ్లు అట్టే వంగనక్కర్లేదు. ఆ తంబుర మోగే శ్రుతికే మిగతా ముప్ఫైమందీ తమ వాద్యాలు సరిచూసుకోవాలి.

నెలనెలా మొదటి శనివారం, మిల్లు గేటుకి ఎదురుగా ఉన్న కమ్యూనిటీ హాల్లో కచేరీ. ఐదింటి నుంచి ఏడింటి దాకా. పొరుగూళ్ల వాద్యగాళ్లకి ఏడున్నరకి ఆఖరి బస్సు, కాబట్టి వేళ మార్చే వీల్లేదు. సరిగ్గా ఆరింటికి, కీర్తన మంచి పట్టు మీద ఉండగా, పగటి షిఫ్టు దిగే కూత కూసేది. ఒక నిమిషం పాటు. పాలల్లో ఉప్పుగల్లు పడ్డట్టు, అప్పటిదాకా వాయించిందంతా విరిగిపోయేది.

నెలకి ఒక్కరోజు కూత ఆపమని భానోజీ మిల్లు మేనేజరుకి అర్జీ పెట్టుకున్నాడు.

ఆయన చదివి, "కూత ఆపితే పద్దెనిమిది వందల మంది ఇళ్లకి వెళ్లరయ్యా. నీ కచేరీ ఆపితే ఎంతమందికి లోటు?" అన్నాడు.

ఆ మాట భానోజీకి ఎక్కడో గుచ్చుకుంది. హాలు కావలి కూర్మయ్యని పిలిచి, ఇకనుంచి ఆరుకి పది నిమిషాల ముందే తలుపులూ కిటికీలూ మూసెయ్యమన్నాడు. కూత తర్వాత రోడ్డు మీద సైకిళ్ల రొద, మనుషుల రొద, అది కూడా అతనికి పడదు. కచేరీ అయ్యేదాకా తియ్యొద్దన్నాడు. లోపల ఉక్కపోసేది. కూత ఎలాగూ వినిపించేది. తలుపులు మాత్రం రెండేళ్లుగా మూస్తూనే ఉన్నారు.

ఇలా ఉండగా విశాఖపట్నం నుంచి ఒక సంగీత సభవాళ్లు ఉత్తరం రాశారు. నెలనెలా మా హాల్లోనే వాయించండి, బస్సు కూడా మేమే పంపిస్తాం అని. చల్లటి హాలు, చీమ నడిచినా వినిపించేంత నిశ్శబ్దం. భానోజీ ఆ ఉత్తరం పట్టుకుని మాస్టారింటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కూర్చుని రాగిజావ తాగుతున్నారు.

"ఈ శనివారం కచేరీ అయిపోగానే ఒప్పుకుంటున్నామని రాసేస్తాను మాస్టారూ. ఈ ఊరికి మనం అక్కర్లేదు. ముప్ఫై ఒక్కళ్లం వాయిస్తుంటే వినేది ఇరవై నలుగురు. అందులో ఆరుగురు మన చుట్టాలు."

మాస్టారు గ్లాసు కింద పెట్టారు.

"కూత ఏ శ్రుతిలో ఉంటాదిరా?"

భానోజీ తెల్లబోయాడు. సైకిలు గంట మోగితే దాని శ్రుతి చెబుతాడు. వంటింట్లో గ్లాసు పడితే అది ఏ స్వరమో చెప్పి పెళ్లాం చేత తిట్లు తింటాడు. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ వినే కూత సంగతి మాత్రం నోటికి రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు.

"దానికి శ్రుతేమిటి మాస్టారూ? అది ఉత్త అరుపు."

"ఊఁ" అని మాస్టారు మళ్లీ గ్లాసు అందుకున్నారు.

శనివారం వచ్చింది. నాలుగున్నరకి అందరూ వేదిక మీద శ్రుతి చూసుకుంటున్నారు. భానోజీ ఫిడేలు కమాను ఆపి వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, తంబుర శ్రుతి దిగిపోయింది."

"దిగలేదు. నేనే దించాను."

"ఎందుకండీ?"

"తంబుర ఎవరి చేతిలో ఉందిరా?"

ఇక మాట్లాడటానికేముంది? ఫిడేళ్ల వాళ్లు బిరడాలు తిప్పుకున్నారు. వీణ పంతులమ్మ సణుక్కుంటూ తీగలు వదులు చేసుకుంది. మృదంగం అతను రాయితో అంచు తట్టి దించుకున్నాడు. పిల్లనగ్రోవి అతను మాత్రం సంచంతా గాలించి, అడుగున దుమ్ము కొట్టుకుపోయిన పాత వేణువొకటి బయటికి తీశాడు. ముసలాయనకి చాదస్తం ముదిరిందని భానోజీ లోపల్లోపల విసుక్కున్నాడు. ఇదే ఆఖరు కదా అని ఊరుకున్నాడు.

ఆరుకి పది నిమిషాలుందనగా హాల్లో చిన్న అలికిడి అయింది. వాయిస్తూనే భానోజీ తలెత్తి చూశాడు. తలుపు మూయడానికి వెళ్లిన కూర్మయ్య గుమ్మం దగ్గర దిక్కుతోచక నిలబడ్డాడు. మాస్టారు ఎప్పుడు వేదిక దిగారో, తంబురతో సహా వెళ్లి సరిగ్గా గడప పక్కన, తలుపుకి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కళ్లు మూసుకుని మీటుతున్నారు. ఆయన్ని లేపితే గాని తలుపు పడదు. ఆయన్ని లేపే ధైర్యం కూర్మయ్యకి లేదు.

బయట వెలుతురు లోపలికి వస్తోంది. కీర్తన చరణంలోకి వెళ్లింది.

కూత మొదలైంది.

అలవాటు ప్రకారం భానోజీ పళ్లు బిగబట్టాడు. కానీ ఏదీ విరగలేదు. తెరిచిన తలుపులోంచి కూత నేరుగా వచ్చి తంబుర నాదంలో కూర్చుంది. ఏది తీగో ఏది కూతో తెలియకుండా రెండూ ఒకటే షడ్జమం. భానోజీ కమాను దానంతటదే ఆ స్వరం మీద నిలిచిపోయింది. అతన్ని చూసి పక్కవాళ్లు నిలిచారు, వాళ్లని చూసి వెనకవాళ్లు. ముప్ఫైమందీ ఒక్క స్వరం పట్టుకుని నిమిషం సేపు అలాగే ఉండిపోయారు. కూత ఆగింది. తంబుర మోగుతూనే ఉంది.

భానోజీకి సిగ్గేసింది. ఇన్నేళ్లూ పళ్లు బిగబట్టుకున్నాడే గాని చెవి పెట్టలేదు.

అంతలో మిల్లు జనం రోడ్డు మీదికి వచ్చారు. సైకిళ్లు, క్యారేజీలు, మాటలు. ఎవరో గుమ్మం ముందు ఆగారు. వాళ్లని చూసి ఇంకొందరు ఆగారు. నార దూది జుట్టంతా అంటుకుని, చంకలో టిఫిను డబ్బాతో ఒకామె అందరికంటే ముందు నిలబడి ఉంది. వడుకు సెక్షన్లో పనిచేసే పారమ్మ. తంబుర మీటే మాస్టారినీ, వేదిక మీది భానోజీనీ మార్చి మార్చి చూసింది.

"బాబూ, ఇయాల తలుపు తీసుంది. మేం లోపలికి రావొచ్చేటి?"

భానోజీ లేచి నిలబడ్డాడు. "ఎప్పుడైనా రావొచ్చమ్మా. టిక్కెట్టేమీ లేదు."

"మరి నెలనెలా మేం వచ్చీసరికి మూసెస్తారు గదా" అంది పారమ్మ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టే అంది. "షిఫ్టోళ్లకి కాదేమో అనుకున్నాం. ఆ గోడ పక్కనే కాసేపు నిలబడి ఇని ఎలిపోతాం."

భానోజీ కూర్మయ్య వంక చూశాడు. కూర్మయ్య తల వంచుకున్నాడు. అతని తప్పేముంది, చెప్పింది చేశాడు.

మాస్టారు కళ్లు తెరవకుండానే మోకాలు కొంచెం ముడుచుకున్నారు. ఆ సందులోంచి పారమ్మ చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది. ఆమె వెనకాలే ఒక్కొక్కరూ వచ్చారు. కుర్చీలు నిండాయి. తర్వాత వచ్చినవాళ్లు గోడకి ఆనుకుని కింద కూర్చున్నారు. నార వాసన, నూనె వాసన హాలంతా పరుచుకుంది.

"పల్లవి నుంచి" అన్నాడు భానోజీ తనవాళ్లతో.

"సగం అయిపోయింది కదా, మళ్లీనా?" అంది వీణ పంతులమ్మ.

"వాళ్లు వినలేదు కదమ్మా" అన్నాడు.

ఏడింటికి కచేరీ ముగిసింది. పొరుగూళ్ల వాళ్లు బస్సుకి పరుగెత్తారు. పారమ్మ వెళ్తూ వెళ్తూ, వచ్చే నెల కూడా ఇదే వేళకా అని కూర్మయ్యని అడిగి వెళ్లింది. హాలు ఖాళీ అయ్యాక భానోజీ వెళ్లి గడప దగ్గర, మాస్టారి ఎదురుగా కూర్చున్నాడు. చొక్కా జేబులో విశాఖపట్నం ఉత్తరం ఉంది.

"కూత ఏ శ్రుతిలో ఉంటాదిరా?" అన్నారు మాస్టారు.

"ఇదిగో, ఈ తంబుర శ్రుతిలో."

మాస్టారు తీగల మీద అరచెయ్యి ఆనించి నాదం ఆపారు.

"ఆ విశాఖపట్నం హాల్లో దేనికి శ్రుతి కలుపుకుంటావు మరి?"

భానోజీ మాస్టారికి చెయ్యందించి లేపాడు. తంబురని రెండు చేతులతో ఎత్తుకుని, ఆ శ్రుతి చెదరకుండా, బిరడాలు దేనికీ తగలకుండా, నెమ్మదిగా ఇంటిదాకా మోసుకెళ్లాడు.